సెట్‌టాప్ బాక్సు ఇన్‌పుట్‌ను ఆటోలో వదిలేయకండి

వీడియో ప్రాసెసర్ కొన్నవాళ్లు దాదాపు అందరూ ముందు 4కె ప్లేయర్ ఇన్‌పుట్ మీదే కూర్చుంటారు. హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపే బొమ్మ) ఎట్లా వస్తోంది, నలుపు ఎంత నల్లగా ఉంది అని అర్ధరాత్రి దాకా మెనూలు తిప్పుతారు. సెట్‌టాప్ బాక్సు పెట్టిన ఇన్‌పుట్‌ను మాత్రం ఆటోలో వదిలేసి, మామూలు చానెలే కదా అంటారు. నాకు ఇది అస్సలు నచ్చదు. మా హన్మకొండ ఇంట్లో తెర మీద ఎక్కువసేపు నడిచేది ఆ డబ్బానే. పొద్దున వార్తలు, మధ్యాహ్నం అమ్మ సీరియళ్లు, సాయంత్రం బాపు చూసే పాత నలుపు తెలుపు సినిమాలు, ఇదే మా ఇంటి వరుస. నేను డిస్కు పెట్టుకుని చూసేది ఏ ఆదివారమో. పైగా మంచి డిస్కు నుంచి వచ్చే బొమ్మ ఎట్లాగూ బాగుంటుంది, అక్కడ ప్రాసెసర్ చేయాల్సిన పని తక్కువ. మామూలు చానెల్ పంపే 576 గీతల బొమ్మను గోడంత తెర మీదికి ఎక్కించినప్పుడే దాని సత్తా తెలిసేది. అందుకే ఈ పోస్టంతా ఆ ఇన్‌పుట్ చుట్టే తిరుగుతుంది, మిగతావి మధ్యలో చెప్తాను.

ప్రాసెసర్ అంటే ఏందో తెలియనివాళ్లకు ఒక ముక్క: ప్లేయర్లకూ ప్రొజెక్టరుకూ మధ్య కూర్చుని, వచ్చిన ప్రతి సిగ్నల్‌నూ తెరకు సరిపోయే రూపంలోకి మార్చి పంపే పెట్టె. లూమాజెన్, మ్యాడ్‌వీఆర్ ఎన్వీ, పాతవాటిలో డీవీడీఓ ఐస్కాన్ ఇట్లాంటివన్నీ ఈ జాతివే. వీటిని కొనడానికి నా దృష్టిలో అసలు కారణం ఒకటే. ప్రతి ఇన్‌పుట్‌కూ విడిగా సెట్టింగులు గుర్తుపెట్టుకుంటాయి, మంచివైతే ఒకే ఇన్‌పుట్‌లో 576ఐ వస్తే ఒక రకంగా, 1080ఐ వస్తే ఇంకో రకంగా కూడా గుర్తుపెట్టుకుంటాయి. (అంకె బొమ్మలోని గీతల లెక్క. ఐ అంటే సగం సగం గీతలుగా వచ్చేది, పి అంటే నిండు ఫ్రేముగా వచ్చేది.) ఇంత సౌకర్యం పెట్టుకుని కూడా చాలామంది ప్రొజెక్టర్ రిమోటు తీసుకుని బ్రైట్‌నెస్ పెంచుతారు. చానెల్ కోసం పెంచింది డిస్కు బొమ్మను పాడుచేస్తుంది, డిస్కు కోసం తగ్గిస్తే చానెల్ చీకటవుతుంది, ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. ప్రొజెక్టర్‌ను ఒకసారి సరిగ్గా పెట్టి ఇక ముట్టుకోకండి. తేడా ఏదొచ్చినా అది ఏ ఇన్‌పుట్‌లో వచ్చిందో అక్కడే సరిచేయాలి.

దీనికి ముందు వైర్లు చూసుకోవాలి. సౌండ్ కోసం ఏవీ రిసీవర్ ఉన్నవాళ్లు అన్నీ దాంట్లోనే గుచ్చి, అక్కడి నుంచి ఒక్క వైరు ప్రాసెసర్‌కి తెస్తారు. అట్లా చేస్తే ప్రాసెసర్‌కి తెలిసేది ఒక్క ఇన్‌పుట్టే. ప్లేయర్ నడుస్తోందో సెట్‌టాప్ బాక్సు నడుస్తోందో దానికి తెలియదు, విడివిడి సెట్టింగుల లాభం అంతా పోతుంది. నేను బాక్సునూ ప్లేయర్‌నూ నేరుగా ప్రాసెసర్‌లోనే పెట్టాను. ప్రాసెసర్‌కి రెండు అవుట్‌పుట్లు ఉన్నాయి, ఒకటి ప్రొజెక్టరుకు, రెండోది సౌండ్ కోసం రిసీవర్‌కి. మీ దాంట్లో రెండో అవుట్‌పుట్ లేకపోతే కనీసం సెట్‌టాప్ బాక్సు ఒక్కదాన్నయినా విడిగా తెచ్చి పెట్టండి.

నేరుగా పెట్టగానే కొందరికి ఇంకో తలనొప్పి వస్తుంది, 5.1 సౌండ్ పోయి మామూలు స్టీరియో వస్తుంది. దీనికి కారణం ఈడీఐడీ. హెచ్‌డీఎంఐ వైరు గుచ్చగానే అవతలి పరికరం నేను ఇన్ని రకాల బొమ్మలు, ఇన్ని రకాల సౌండ్ తీసుకోగలను అని ఒక చిట్టా పంపుతుంది, ప్లేయర్ ఆ చిట్టా చదివే ఏం పంపాలో నిర్ణయించుకుంటుంది. ప్రాసెసర్ ప్రొజెక్టర్ చిట్టానే ముందుకు పంపిందంటే దాంట్లో సౌండ్ దగ్గర స్టీరియో తప్ప ఇంకేం ఉండదు. ఇన్‌పుట్ మెనూలో ఈడీఐడీ అనేది వెతికి, సౌండ్ వరకు రిసీవర్ చిట్టా పంపమని పెట్టండి. బొమ్మ వరకు కూడా ఇక్కడే ఒక పని ఉంది: సెట్‌టాప్ బాక్సు ఇన్‌పుట్‌కు 4కె చిట్టా చూపించకండి, 1080పి వరకు చాలు. పాత బాక్సులు 4కె, హెచ్‌డీసీపీ (కాపీ చేయకుండా వేసే తాళం) 2.2 అని చూసి తెర నల్లగా పెట్టేస్తుంటాయి. ఆ ఇన్‌పుట్‌ను హెచ్‌డీసీపీ 1.4కు దించగానే బొమ్మ వచ్చేస్తుంది. బాక్సు పాడైందని కొత్తది తెచ్చుకునే ముందు ఇది ఒక్కసారి చూడండి.

ఇక అసలు సంగతి. సెట్‌టాప్ బాక్సు సెట్టింగుల్లోకి వెళ్తే వీడియో అవుట్‌పుట్ అని ఉంటుంది. కనెక్షన్ ఇచ్చే పిల్లగాడు వచ్చినప్పుడు 1080ఐ పెట్టేసి పోతాడు, తర్వాత దాన్ని ఎవరూ చూడరు. బాపు చూసే పాత సినిమాల చానెళ్లు వచ్చేవే ఎస్‌డీలో, అంటే 576 గీతలు, సెకనుకు 50 ఫీల్డులు, ఒక్కో ఫీల్డులో సగం గీతలు. బాక్సు దాన్ని తనే సాగదీసి 1080ఐ చేసి పంపుతుంది. చవక చిప్పు చేసే ఆ సాగదీత అంతంత మాత్రంగానే ఉంటుంది, ఒకసారి అట్లా అయ్యాక వెనక ఎంత ఖరీదైన ప్రాసెసర్ ఉన్నా పోయిన వివరం తిరిగి రాదు. మంచి పనివాణ్ని ఇంట్లో పెట్టుకుని, బట్ట కత్తిరించే పని మాత్రం దారిన పోయేవాడికి ఇచ్చినట్టు. అవుట్‌పుట్‌ను 576ఐకి మార్చండి. బాక్సు నుంచి ముడి సరుకు వస్తుంది, పనంతా ప్రాసెసర్ చేస్తుంది. మార్చాక ప్రాసెసర్ ఇన్ఫో పేజీలో వెడల్పు 720 బదులు 1440 అని కనిపిస్తే కంగారు పడకండి, హెచ్‌డీఎంఐలో 576ఐ వచ్చేది ప్రతి పిక్సెల్ రెండేసి సార్లు పంపే పద్ధతిలోనే.

మరి హెచ్‌డీ చానెళ్ల సంగతేంది అంటారు. కొన్ని బాక్సుల్లో నేటివ్ లేదా ఆటో అని ఉంటుంది, చానెల్ ఏ రూపంలో వస్తే ఆ రూపంలోనే బయటికి పంపుతుంది. అది ఉంటే అదే పెట్టుకోండి. మా బాక్సులో లేదు, క్రికెట్ ఉన్నరోజు మెనూలోకి వెళ్లి 1080ఐకి మార్చుకుంటాం, మ్యాచ్ అయ్యాక మళ్లీ 576ఐ. ప్రాసెసర్ రెండింటి సెట్టింగులూ విడివిడిగా గుర్తుపెట్టుకుంది కాబట్టి అటు ఇంకేం ముట్టుకోనక్కర్లేదు.

రెండూ విడిగా ఎందుకంటే రంగుల లెక్క వేరు. ఎస్‌డీ బొమ్మల రంగులు రెక్ 601 లెక్కలో ఉంటాయి, హెచ్‌డీ బొమ్మలవి రెక్ 709లో, 4కె హెచ్‌డీఆర్ అయితే రెక్ 2020లో. 601లో వచ్చినదాన్ని 709 అనుకుని విప్పితే ఎరుపు కొంచెం నారింజ వైపు జరుగుతుంది, ఆకుపచ్చ ముదురుతుంది. ఘోరంగా కనపడదు, అందుకే ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు. మీకు తేడా తెలియాలంటే బతుకమ్మ రోజుల్లో వేయిస్తంభాల గుడి దగ్గరి నుంచి వచ్చే లైవ్ చూడండి. తంగేడు పువ్వు పసుపు ఎట్లుంటుందో, బంతి పువ్వు ఎట్లుంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, చిన్నప్పటి నుంచి చేత్తో పేర్చినవాళ్లం. లెక్క తప్పినప్పుడు తంగేడు బంతి వైపు జరిగినట్టు అనిపిస్తుంది, ఆకులు నల్లబడతాయి. ఇన్‌పుట్ మెనూలో కలర్ స్పేస్ ఆటో తీసేసి 576ఐకి 601, 1080ఐకి 709 అని గట్టిగా చెప్పేయండి. ఎస్‌డీ చానెల్‌ను సాగదీసి 1080ఐగా పంపే బాక్సుల్లో కొన్ని రంగుల లెక్క మార్చకుండానే పంపేస్తాయి, అప్పుడు ప్రాసెసర్‌లోని ఆటో కూడా మోసపోతుంది. 576ఐ పెట్టమని అంత గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం. నలుపు తెలుపు సినిమా పెట్టి మాత్రం దీన్ని పరీక్షించకండి, రంగే లేని బొమ్మలో రెండు లెక్కలూ ఒకే జవాబు ఇస్తాయి.

తర్వాత డీఇంటర్లేసింగ్, అంటే సగం సగం గీతలుగా వచ్చిన ఫీల్డులను కలిపి నిండు ఫ్రేము చేయడం. సినిమా తీసింది సెకనుకు 24 ఫ్రేములతో, మన దగ్గర ప్రసారం 50 ఫీల్డులతో. అందుకని సినిమాను కొద్దిగా వేగం పెంచి 25 ఫ్రేములు చేసి, ఒక్కో ఫ్రేమును రెండు ఫీల్డులుగా కోసి పంపుతారు. ఆ రెండింటినీ సరిగ్గా జత కలిపితే అసలు ఫ్రేము మొత్తం దొరుకుతుంది, దీన్నే మెనూల్లో ఫిల్మ్ మోడ్ అంటారు. వార్తలు, సీరియళ్లు, క్రికెట్ అట్లా కాదు, చాలావరకు వీడియో కెమెరాతో తీసినవి, ప్రతి ఫీల్డూ వేరే క్షణానిది. వాటికి వీడియో మోడ్. వినడానికి తేలికగానే ఉంటుంది కానీ మన తెలుగు చానెళ్లలో సినిమా నడుస్తుండగానే కింద స్క్రోలింగ్ పోతుంటుంది. సినిమా 25 ఫ్రేములది, స్క్రోలింగ్ 50 ఫీల్డులది, రెండూ ఒకే బొమ్మలో. ఫిల్మ్ మోడ్ అని బిగించేస్తే పైన సినిమా చక్కగా ఉంటుంది, కింద అక్షరాలు దువ్వెన పళ్లలాగా చీలిపోతాయి. వీడియో మోడ్ అంటే అక్షరాలు బాగుంటాయి, సినిమాలో ఏటవాలు గీతలు, పంచె అంచులు, కిటికీ చువ్వలు మెట్లు మెట్లుగా వణుకుతాయి. కాబట్టి ఈ ఒక్కచోట మాత్రం ఆటోనే సరైనది, ప్రాసెసర్ బొమ్మను ముక్కలు ముక్కలుగా చూసి ఎక్కడికక్కడ నిర్ణయించుకుంటుంది. ప్రాసెసర్లలో మంచిది ఏది, మామూలుది ఏది అని నన్ను అడిగితే డెమో డిస్కు పెట్టను, స్క్రోలింగ్ పోతున్న పాత సినిమా పెడతాను.

స్క్రోలింగ్‌తో తేలే విషయం ఇంకొకటి ఉంది. బాక్సు నుంచి వచ్చేది 50 హెర్ట్జ్. ప్రాసెసర్ అవుట్‌పుట్ 60 హెర్ట్జ్‌లో బిగించి ఉంటే ప్రతి ఐదు ఫీల్డులకు ఒకటి అదనంగా పుట్టించాలి, దాంతో కింద అక్షరాలు నున్నగా జారకుండా ఉండి ఉండి ఒక చిన్న కుదుపు కుదుపుతాయి. వార్తా చానెల్ పెట్టి కింద పోయే వరుసను కాసేపు చూడండి, కుదుపు ఉందంటే 50కి 50 వెళ్లట్లేదన్నమాటే. ఆ ఇన్‌పుట్‌కు అవుట్‌పుట్ రేటు 50 అని రాసేయండి. డిస్కు ప్లేయర్ ఇన్‌పుట్‌కు 24. స్ట్రీమింగ్ స్టిక్‌లో అయితే దాని సొంత సెట్టింగుల్లో ఫ్రేమ్ రేట్ మ్యాచ్ అనేది వెతికి ఆన్ చేయాలి, లేకపోతే అది అన్నింటినీ 60లోనే తోస్తుంది, కెమెరా మెల్లగా పక్కకు తిరిగే షాట్లన్నీ కుంటుతాయి.

బాపుకు ఇవేవీ పట్టవు. ఆయన అడిగింది ఒక్కటే, "మొహాలు గింత లావుగున్నయేందిరా?" నిజమే, పాత సినిమా ఆకారం దాదాపు 4:3, బాక్సు దాన్ని 16:9కు సాగదీస్తోంది. సన్నగా ఉండే హీరోయిన్ కూడా గుండ్రంగా కనపడుతుంది. బాక్సు మెనూలో సాగదీయడం ఆపి, ప్రాసెసర్‌లో 576ఐకి ఇన్‌పుట్ ఆకారం 4:3 అని చెప్తే పక్కల నల్ల పట్టీలు వచ్చి బొమ్మ సరైన కొలతకు వస్తుంది. హెచ్‌డీఎంఐలో సిగ్నల్‌తో పాటు ఆకారం సమాచారం కూడా వస్తుంది కానీ మా బాక్సు పంపేది నమ్మేట్టు లేదు, అందుకే చేత్తో పెట్టాను. ఇంకో రకం కూడా తగులుతుంది, సినిమాస్కోప్ సినిమాను 4:3 డబ్బాలో పెట్టి పంపుతారు, అప్పుడు నాలుగు వైపులా నలుపే, మధ్యలో పోస్టుకార్డంత బొమ్మ. దానికి లెటర్‌బాక్స్ అనే ఆకారం ఉంటుంది, తెర వెడల్పుకు పెంచుతుంది. కింది నల్ల పట్టీలో పోయే ప్రకటనలు కోసుకుపోతాయి, దానికి బాధపడే వాళ్లెవరూ మా ఇంట్లో లేరు. 16:9, 4:3, లెటర్‌బాక్స్, ఈ మూడు ఆకారాలనూ రిమోటు మీద మూడు బటన్లకు పెట్టి, వాటి పక్కన స్టిక్కర్ అంటించాను, బాపు తనే మార్చుకుంటున్నడు. సరిగ్గా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి తెర మీద గుండ్రటి లోగో దొరికితే స్కేలు పెట్టి అడ్డం, నిలువు కొలవండి.

ఎస్‌డీ చానెళ్లలో పై అంచున తెల్లటి చుక్కల గీత ఒకటి మిణుకుమిణుకుమంటుంది. పాత టీవీలు అంచులను కొంచెం దాచేసేవి కాబట్టి అప్పట్లో కనపడేది కాదు. దాన్ని పోగొట్టడానికి ప్రొజెక్టర్‌లో ఓవర్‌స్కాన్ (అంచులు కోసి చూపడం) పెట్టారంటే డిస్కు బొమ్మ కూడా కోసుకుపోతుంది. ప్రాసెసర్‌లో ఆ ఇన్‌పుట్‌కు మాత్రం పై అంచు నాలుగైదు గీతలు కోస్తే చాలు.

నలుపు తెలుపుల హద్దుల దగ్గర కాస్త ఆగండి. వీడియో సిగ్నల్‌లో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి, కంప్యూటర్ లెక్కలో 0 నుంచి 255. సెట్‌టాప్ బాక్సూ, డిస్కు ప్లేయరూ మొదటి లెక్కే వాడతాయి. లాప్‌టాప్ పెట్టే ఇన్‌పుట్ దగ్గరే గొడవ. అది 0 నుంచి 255 పంపుతుంటే ప్రాసెసర్ 16 నుంచి 235 అనుకుంటే చీకటి సీన్లలో జుట్టూ, నల్ల కోటూ, వెనక గోడా అన్నీ కలిసి ఒకటే మసి ముద్ద అవుతాయి. తిరగేసి జరిగితే నలుపు బూడిద రంగులోకి వస్తుంది, బొమ్మ మీద పొగమంచు పరిచినట్టు ఉంటుంది. మొదటిదాన్ని బ్రైట్‌నెస్ పెంచి సరిచేయలేం, కోసేసిన వివరం వెనక్కి రాదు. ఇన్‌పుట్ మెనూలో రేంజ్ అనేది మార్చాలి. పరీక్షకు ఏవీఎస్ హెచ్‌డీ 709 అని ఉచితంగా దొరికే ప్యాటర్నులు వాడండి, నలుపు పట్టీల్లో 17 నుంచి పైవి మినుకుమంటూ కనపడాలి, 16, దాని కిందివి కనపడకూడదు. ఎంపీ4 రూపంలో కూడా ఉంటాయి కాబట్టి యూఎస్‌బీ నుంచి వీడియోలు ఆడించే సెట్‌టాప్ బాక్సు ఉంటే దాంట్లోంచి కూడా చూసుకోవచ్చు.

షార్ప్‌నెస్, నాయిస్ రిడక్షన్ బాక్సులోనూ ఉంటాయి, ప్రాసెసర్‌లోనూ ఉంటాయి, ప్రొజెక్టర్‌లోనూ ఉంటాయి. మూడూ కలిసి పనిచేస్తే పాత సినిమాలో మొహాలు మైనం పూసినట్టు అవుతాయి, అంచుల చుట్టూ తెల్ల గీత వస్తుంది. ప్రాసెసర్‌లో తప్ప మిగతా రెండు చోట్లా సున్నా చేయండి. ప్రాసెసర్‌లో కూడా 576ఐకి కొంచెం నాయిస్ రిడక్షన్ పెట్టి ఆపాను. పాత ఫిల్ముకు గింజ (గ్రెయిన్, సన్నటి చుక్కలు) ఉంటుంది, ఆ గింజే దాని చర్మం. దాన్ని తుడిచేసి శుభ్రంగా ఉందని మురిసిపోవడం ఆ కెమెరామన్ల కష్టానికి అన్యాయం.

4కె ఇన్‌పుట్ గురించి రెండు ముక్కలు. హెచ్‌డీఎంఐ 2.0లో పట్టేది సెకనుకు 18 గిగాబిట్లు, 60 హెర్ట్జ్ 4కెలో 10 బిట్ 4:4:4 (రంగు వివరం పూర్తిగా) దాంట్లో పట్టదు, 4:2:2 (రంగు వివరం సగం) పెట్టుకోండి, సినిమాలు డిస్కు మీద ఉండేదే 4:2:0లో (రంగు వివరం పావు) కాబట్టి నష్టమేం లేదు. ప్రొజెక్టర్ దాకా పొడుగు వైరు వేయాల్సివస్తే, తెర మీద మెరుపు చుక్కలు వస్తే, సెట్టింగులు తిప్పకుండా ముందు వైరు మార్చండి. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వైరు అయితే దానికి దిక్కు ఉంటుంది, సోర్స్ అని రాసిన కొన సోర్స్ వైపే పెట్టాలి, గోడలో పైపులోకి దూర్చే ముందే చూసుకోండి.

సౌండ్ ఆలస్యం కూడా ఇన్‌పుట్ లెక్కే. ఫీల్డులను కలపడానికి ప్రాసెసర్ కొన్నింటిని చేతిలో పట్టుకుని ఆగుతుంది, ఒక్కో ఫీల్డు 20 మిల్లీసెకన్లు, దాంతో బొమ్మ వెనకబడి మాట ముందు వినపడుతుంది. 1080పి డిస్కుకు ఈ పని ఉండదు కాబట్టి అక్కడ ఆలస్యం తక్కువ, ఒకే అంకె రెండింటికీ పెడితే ఏదో ఒకటి తప్పుతుంది. వార్తలు చదివే ఆమె పెదాలు చూడండి, ప, బ, మ పలికేటప్పుడు పెదాలు మూసుకుంటాయి. "ముఖ్యమంత్రి" అన్న మాట వార్తల్లో ఎట్లాగూ వస్తుంది, ఆ మొదటి అక్షరానికి పెదాలూ శబ్దమూ కలిసేదాకా ఇన్‌పుట్ డిలేను పదేసి మిల్లీసెకన్లు పెంచుకుంటూ పోండి.

అన్నీ అయ్యాక సేవ్ చేయడం విడిగా ఉంటుంది. లూమాజెన్ లాంటి వాటిలో మెనూలో సేవ్ కొట్టకపోతే కరెంటు పోగానే చేసిందంతా పోతుంది, ఎండాకాలం గాలివానకు మన వరంగల్ వైపు కరెంటు ఎట్లుంటదో మీకు తెలుసు. ఒక్కో ఇన్‌పుట్ పూర్తికాగానే సేవ్ కొట్టండి, ప్రతి పేజీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, ప్రాసెసర్‌నూ ప్రొజెక్టర్‌నూ యూపీఎస్ మీద పెట్టండి. కరీంనగర్‌లో మా బావ కూడా ఇదే రకం పెట్టె కొన్నాడు, వచ్చే వారం వాళ్లింట్లో చేయాలి. వాళ్ల సెట్‌టాప్ బాక్సు వేరే కంపెనీది, దాంట్లో 576ఐ లేకుండా 576పి నుంచే మొదలవుతుంది. అట్లాంటి బాక్సు వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే మీ ప్రాసెసర్‌లో ప్రోగ్రెసివ్ సిగ్నల్‌ను మళ్లీ ఇంటర్లేస్ చేసి కొత్తగా కలిపే ఆప్షన్ ఉందేమో చూడండి, డీవీడీఓ పాత మోడళ్లలో దాన్ని ప్రెప్ అంటారు, 576పి వస్తే మొదట వాడి చూడాల్సింది అదే.